పందెపు వేగానికి న్యాయమైన శిక్ష ఏది?

వేగమే నేటి యుగధర్మమని పెద్దలు అంటూ ఉంటారు. ఆ వేగానికి ముందుగా ఆకర్షితులయ్యేది యువతరమే. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. కాని అందరి సొత్తు అయిన రహదారిని కొందరు పందెపు బరిగా మార్చి, ఆ పందెంతో ఏ సంబంధమూ లేని బాటసారి ప్రాణం బలిగొన్నప్పుడు, ఆ వాహనం నడిపిన యువకునికి ఎటువంటి శిక్ష విధించడం న్యాయం? చనిపోయినవారి తల్లి కన్నీటికి, జైలుకు పోయే బిడ్డ తల్లి కన్నీటికి మధ్య న్యాయస్థానం త్రాసును ఏ విధంగా పట్టుకోవాలి? ఈ ప్రశ్నను న్యాయవాదులకూ శాసనకర్తలకూ వదలి ఊరుకోవడం విద్యార్థిలోకానికి తగదు. ఆ వాహనాలు నడిపేవారిలో అధికభాగం మా వయసు వారే. కనుక ఈ విషయమై మా అభిప్రాయాన్ని కళాశాల కమిటీ పెద్దల ముందు, తోటి విద్యార్థుల ముందు వినయపూర్వకంగా ఉంచుతున్నాము.

మొదట సమస్య పరిమాణాన్ని గమనిద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. మృతులలో 66.5 శాతం 18 నుండి 45 ఏళ్ళ లోపువారు. ఆ మరణాలలో 70 శాతానికి పైగా అతివేగం వల్ల సంభవించినవేనని ఆ శాఖే తేల్చింది. వీటిలో పందేల వల్ల జరిగినవి కొన్నే కావచ్చు. అయినా మిగిలిన ప్రమాదాలకూ వీటికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఏమరుపాటు మనిషికి తెలియకుండా వస్తుంది. పందెం అట్లా రాదు. ఇద్దరు కూడబలుక్కొని, సమయం నిర్ణయించుకొని, తెలిసి తెలిసి మొదలుపెట్టే పని అది. మేము చెప్పదలచినదంతా ఈ భేదం మీదనే ఆధారపడి ఉన్నది.

విశాఖపట్నం బీచ్ రోడ్డుపై అర్ధరాత్రి వేళ యువకులు మోటారు సైకిళ్ళతో పందేలు వేయడం, పోలీసులు పట్టుకొని వాహనాలు స్వాధీనం చేసుకోవడం పత్రికలలో పలుమార్లు చదివిన వార్తే. పట్టణంలో కాపలా పెరిగితే ఆ ఉబలాటం కొండదారి పడుతుంది. శీతాకాలం వచ్చిందంటే అరకులోయ చూడడానికి గుంపులు గుంపులుగా మోటారు సైకిళ్ళు బయలుదేరుతాయి. శృంగవరపుకోట దాటిన తరువాత టైడా, డముకు, అనంతగిరి మీదుగా పైకి సాగే ఆ ఘాటీ దారి ఒక వంక కొండ, ఒక వంక లోయ, నడుమ మెలికలతో కూడినది. పొగమంచు దిగిన ఉదయాన పది గజాల ముందు ఏమున్నదో కంటికి ఆనదు. 2021 ఫిబ్రవరిలో డముకు సమీపాన హైదరాబాద్ నుండి వచ్చిన యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు దుర్మరణం పాలయ్యారు. అది పందెం కాదు. అయితే ఆ దారి ఎంతటి జాగ్రత్తను కోరుతుందో ఆ సంఘటన లోకానికి చాటింది. అట్టి దారిలో ముందున్న బండిని మలుపులోనే దాటిపోవాలని పంతం పట్టేవాడు తన ప్రాణంతో పాటు ఎదుటివాడి ప్రాణాన్ని కూడా ఒడ్డుతున్నాడు.

ఆ ఎదుటివాడు ఎవరు? చాలాసార్లు అతడు కొండమీద పుట్టి పెరిగిన గిరిజనుడు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ కొండలలో బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ మొదలైన తెగల వారు నివసిస్తున్నారు. వారికి ఆ తారురోడ్డు విహారస్థలం కాదు. నెత్తిన కావలసిన సరుకు పెట్టుకొని సంతకు నడిచే బాట అది. పిల్లలు ఆశ్రమ పాఠశాలకు పోయే దారి అది. చోళ్ళు, కాఫీ, అల్లం, సీతాఫలం అమ్ముకునే అంగడి అది. రోడ్డు పక్క కాలిబాట లేదు. మలుపు అవతల ఏ బండి ఎంత వేగంతో వస్తున్నదో తెలుసుకునే సాధనం వారికి లేదు. గాయపడితే దగ్గరి ఆసుపత్రిలో ప్రథమచికిత్స జరుగుతుంది. ప్రాణాపాయమైన గాయమైతే నూరు కిలోమీటర్లకు పైగా దిగి విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి చేరాలి. మైదానంలో బతికి బయటపడదగిన క్షతగాత్రుడు కొండమీద దారిలోనే కన్నుమూసే ప్రమాదం ఉన్నది. పందెం వేసినవాడు మరునాడు తన ఊరికి వెళ్ళిపోతాడు. కేసు తేలేవరకు కూలి మానుకొని కోర్టు చుట్టూ తిరిగేది చనిపోయినవాని కుటుంబం.

ఇక చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వేగపు పందెం వేయడం నేరం. 2019లో సవరించిన పిమ్మట మొదటిసారి పట్టుబడితే మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. మరల పట్టుబడితే ఏడాది వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా. మనిషి చనిపోతే వ్యవహారం శిక్షాస్మృతి పరిధిలోకి పోతుంది. పాత భారత శిక్షాస్మృతి 304-ఏ సెక్షను క్రింద నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించినవారికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళు మాత్రమే. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను దానిని అయిదేళ్ళకు పెంచింది. ప్రమాదం చేసి, ఎవరికీ తెలుపకుండా పారిపోయినవారికి పదేళ్ళ వరకు శిక్ష విధించే రెండవ భాగం కూడా అందులో వ్రాశారు గాని, 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగడంతో, సంహిత అమలయిన నాడు ఆ భాగాన్ని మాత్రం మినహాయించారు. వీటన్నిటికీ పైన హత్య కానట్టి నేరపూరిత నరహత్య ఉన్నది. తన చర్య వల్ల ఎదుటివారు చనిపోగలరని తెలిసీ చేసినవానికి ఆ సెక్షను క్రింద పదేళ్ళ వరకు శిక్ష పడవచ్చును.

ఈ సెక్షన్లను వరుసగా పేర్చి చూస్తే ఒక లోపం స్పష్టంగా కనబడుతుంది. పందెం ఒక చట్టంలో చిన్న నేరం. మరణం ఇంకొక చట్టంలో నిర్లక్ష్యం. పందెం వేసి మనిషిని చంపడం అనే నేరానికి ప్రత్యేకమైన పేరు గాని, స్థానం గాని మన చట్టంలో లేదు. అందువల్ల ఒకే విధమైన సంఘటన ఒక పోలీసు స్టేషనులో నిర్లక్ష్యంగా, ఇంకొక స్టేషనులో నరహత్యగా నమోదు కావచ్చును. నిందితుని పలుకుబడి, పత్రికల సంచలనం, మృతుని కుటుంబం నోరున్నదా లేదా అన్న విషయం ఆ తేడాను నిర్ణయించే స్థితి ఏర్పడుతున్నది. శిక్ష ఎక్కువా తక్కువా అన్న వాదానికి ముందు ఈ అనిశ్చితిని తొలగించడం అవసరం.

న్యాయస్థానాలు ఈ అనిశ్చితిని ఎట్లు ఎదుర్కొన్నాయో కొన్ని తీర్పులు తెలుపుతాయి. 1999 జనవరి 10న ఢిల్లీ లోధీ కాలనీలో ఒక సంపన్న యువకుడు నడిపిన విదేశీ కారు క్రింద ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ముగ్గురు విధినిర్వహణలో ఉన్న పోలీసులు. 2008లో క్రింది కోర్టు అయిదేళ్ళ శిక్ష విధించింది. 2009లో హైకోర్టు దానిని నిర్లక్ష్యంగా భావించి రెండేళ్ళకు తగ్గించింది. 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు అది నేరపూరిత నరహత్యేనని నిర్ణయించి కూడా, అప్పటికి అనుభవించిన రెండేళ్ళ జైలు చాలునని, 50 లక్షల రూపాయలు జమ చేయాలని, రెండేళ్ళు సమాజసేవ చేయాలని ఆదేశించింది. తుది మాట రావడానికి పదమూడేళ్ళు పట్టింది. 2006 నవంబరు 12న బొంబాయి బాంద్రాలోని కార్టర్ రోడ్డులో కాలిబాటపై నిద్రిస్తున్న కూలీలలో ఏడుగురు చనిపోయి, ఎనిమిది మంది గాయపడిన కేసులో క్రింది కోర్టు విధించినది ఆరు నెలలు. హైకోర్టు దానిని మూడేళ్ళకు పెంచింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మూడేళ్ళనే ఖాయం చేసింది. ఇరవై ఒకటేళ్ళ యువకుడు ఏడుగురి మరణానికి కారకుడైతే ఆరు నెలలు సరియైనదా, మూడేళ్ళు సరియైనదా? రెండు కోర్టులకూ ఉన్న సాక్ష్యం ఒకటే.

పంజాబుకు చెందిన మరొక కేసు ఇంకా ఆలోచింపజేస్తుంది. 2007లో కారు ప్రమాదంలో ఇద్దరు మరణించగా ముద్దాయికి ఏడాది శిక్ష పడింది. బాధితులకు పరిహారం చెల్లించాడన్న కారణంగా హైకోర్టు ఆ శిక్షను అతడు అప్పటికే జైలులో గడిపిన 24 రోజులకు పరిమితం చేసింది. 2015 మార్చిలో జస్టిస్ దీపక్ మిశ్రా పాల్గొన్న సుప్రీంకోర్టు ధర్మాసనం దీనిని తప్పుపట్టి ఆరు నెలలు విధించింది. నిర్లక్ష్యపు మరణాలకు నిర్ణయించిన శిక్షను శాసనకర్తలు పునరాలోచించాలని కూడా సూచించింది. డబ్బు చెల్లించినంత మాత్రాన జైలు తప్పరాదన్న సూత్రం ఈ తీర్పులో ఉన్నది. కొండలలోని నిరుపేద కుటుంబాలకు ఈ సూత్రం ఎంతో అవసరం. ఇంటి పెద్ద పోయిన గుడిసెలో వేల రూపాయల నోట్లు చూపి రాజీ కాగితంపై వేలిముద్ర వేయించుకోవడం కష్టమైన పని కాదు.

పరిహారాన్ని గురించి మన పాఠకులలో అనేకులకు మతపరమైన అవగాహన కూడా ఉన్నది. పొరపాటున జరిగిన మరణం విషయమై దివ్య ఖురాన్ నాలుగవ సూరా 92వ వాక్యంలో మృతుని వారసులకు దియత్ చెల్లించాలన్న విధి ఉన్నది. వారసులు స్వచ్ఛందంగా మన్నిస్తే అది వేరు. దానితో పాటు చంపినవాడు దైవసన్నిధిలో చేసుకోవలసిన ప్రాయశ్చిత్తం కూడా అక్కడనే చెప్పబడినది. బానిసను విముక్తుని చేయలేనివాడు ఎడతెగకుండా రెండు నెలలు ఉపవాసం ఉండాలి. అనగా సొమ్ము చెల్లించి చేతులు దులుపుకొనే వీలు అందులో లేదు. కుటుంబానికి ఇవ్వవలసినది ఒకటి, తప్పు చేసినవాడు తన శరీరంతో, మనస్సుతో అనుభవించవలసినది వేరొకటి. గిరిజన గూడేలలో పెద్దలు తీర్చే తగవులలో కూడా తప్పు చేసినవాడు పదిమంది ముందు తప్పు ఒప్పుకొనడం, నష్టం తీర్చడం, అనే రెండూ ఉంటాయి. ఆధునిక న్యాయం ఈ రెండు ధర్మాలనూ కలుపుకొని నడవాలని మేము కోరుతున్నాము.

ఇక యువకుల పక్షాన వినిపించే వాదాన్ని కూడా న్యాయబుద్ధితో పరిశీలించాలి. పంతొమ్మిదేళ్ళ వయసులో మనిషి బుద్ధి పూర్తిగా పరిపక్వం కాదు. స్నేహితుల ముందు వెనుకంజ వేయడం అవమానమనిపిస్తుంది. ఒక్క రాత్రి చేసిన తప్పుకు యావజ్జీవితం పాడుకావాలా అని తల్లిదండ్రులు అడుగుతారు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం సైతం, అతి తీవ్రమైన నేరాలను మినహాయించి, ఇరవై ఒకటేళ్ళ లోపువారిని తప్పనిసరి అయితే తప్ప జైలుకు పంపరాదని చెబుతున్నది. ఈ వాదంలో సత్యం ఉన్నది. యువకుడిని పదేళ్ళు కరుడుగట్టిన నేరస్థుల నడుమ ఉంచి ముప్పయ్యవ యేట బయటకు పంపితే సమాజానికి ఒరిగేది స్వల్పం. శిక్ష కాఠిన్యం కన్న, శిక్ష తప్పదన్న నిశ్చయమే నేరాన్ని ఆపుతుందని ఇటలీ దేశస్థుడైన బెకారియా 1764లోనే వాదించాడు.

అయితే లేతవయసు అన్న మాట శిక్షను తగ్గించడానికి పనికి రావచ్చును గాని, రద్దు చేయడానికి పనికిరాదు. 2016 జూలై 1న హైదరాబాద్ పంజాగుట్టలో మద్యం సేవించిన ఇంజనీరింగ్ విద్యార్థుల కారు అదుపు తప్పి డివైడరు మీదుగా ఎగిరి ఎదుటి కారుపై పడగా, ఒకే కుటుంబంలో ఒక చిన్నారి బాలికతో సహా ముగ్గురు మరణించారు. ఆ బాలికకు కూడా వయసు ఉండెను, భవిష్యత్తు ఉండెను. 2024 మే 19న పూనాలో పదిహేడేళ్ళ బాలుడు నడిపిన కారు క్రింద ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోగా, బాలల న్యాయమండలి అతనికి మొదట బెయిలు ఇస్తూ ప్రమాదాలపై 300 మాటల వ్యాసం వ్రాయమని షరతు పెట్టడం దేశమంతటా ఆగ్రహం కలిగించింది. మైనరులను పెద్దలతో సమానంగా విచారించాలని అప్పుడు పలువురు కోరారు. కాని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఢిల్లీ కేసు ఒకదానిలో, కనీస శిక్ష ఏడేళ్ళని చట్టం నిర్దేశించని నేరానికి మైనరును పెద్దవానిగా విచారించరాదని తేల్చింది. మేము ఈ తీర్పును సమర్థిస్తున్నాము. బాలుని చేతికి తాళపుచెవి ఇచ్చిన పెద్దవాడే అక్కడ ముందుగా బోనులో నిలవాలి. 2019 సవరణ ద్వారా వచ్చిన 199-ఏ సెక్షను అటువంటి సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా నిర్ణయించింది. ఆ బాలునికి ఇరవై అయిదేళ్ళు నిండేవరకు లైసెన్సు ఇవ్వరు. ఈ సెక్షను సక్రమంగా అమలయితే ఎన్నో పందేలు ఇంటి గడప దాటవు.

ఇతర దేశాల అనుభవం కూడా గమనార్హమే. 2016 ఫిబ్రవరి 1 రాత్రి బెర్లిన్ నగరపు నడిబొడ్డున ఇద్దరు యువకుల కార్ల పందెంలో, పచ్చదీపం చూసి వస్తున్న ఒక వృద్ధుడు మరణించాడు. 2017లో కోర్టు ఇద్దరికీ హత్యానేరం కింద యావజ్జీవ శిక్ష విధించింది. పైకోర్టు 2018లో దానిని కొట్టివేసింది. పునర్విచారణలో మరల అదే శిక్ష పడింది. చివరకు 2020లో ఢీకొట్టినవాని శిక్ష ఖాయమయింది. రెండవవానికి 2021లో పదమూడేళ్ళు పడింది. ఈ లోగా 2017లోనే జర్మనీ శాసనసభ చట్టవిరుద్ధమైన మోటారు పందేలను ప్రత్యేక నేరంగా ప్రకటించి, మరణం సంభవిస్తే పదేళ్ళ వరకు శిక్ష నిర్ణయించింది. బ్రిటనులో ప్రమాదకరమైన డ్రైవింగు వల్ల మరణం కలిగిస్తే గరిష్ఠ శిక్ష పధ్నాలుగేళ్ళుండగా, 2022లో దానిని యావజ్జీవానికి పెంచారు. ఈ కాఠిన్యాన్ని మనం యథాతథంగా అనుకరించనక్కరలేదు. నేరానికి నేరంగా పేరు పెట్టి, శిక్షకు మెట్లు నిర్ణయించిన పద్ధతి మాత్రం స్వీకరించదగినది.

ఈ విషయాలన్నిటినీ విచారించిన మీదట మా అభిప్రాయం ఇది. పందెం వల్ల మరణం అన్నది నిర్లక్ష్యానికి, నరహత్యకు నడుమ ప్రత్యేక నేరంగా చట్టంలో చేరాలి. దానికి గరిష్ఠంగా ఏడేళ్ళు, కనిష్ఠంగా ఒక సంవత్సరం జైలు ఉండాలి. కనిష్ఠం కన్న తగ్గించవలసి వస్తే న్యాయమూర్తి కారణాలు వ్రాతలో చూపాలి. ఢీకొట్టినవానితో పాటు పందెంలో పాల్గొన్న రెండవవాడు కూడా బాధ్యుడు కావాలి. మద్యం, పారిపోవడం, సాక్ష్యం మార్చడం శిక్షను పెంచే కారణాలు కావాలి. ఆగి, గాయపడినవారిని ఎత్తుకొని ఆసుపత్రికి చేర్చినవానికి ఆ మేలు లెక్కకు రావాలి. ఇందువల్ల నేరం చేసిన ఆ క్షణంలో కూడా యువకుని ముందు మంచి దారి ఒకటి తెరచి ఉంటుంది. కొండదారిలో ఆ ఒక్క నిర్ణయమే క్షతగాత్రుని ప్రాణం నిలుపవచ్చును.

జైలు ముగిసిన తరువాత ఆసుపత్రి అత్యవసర విభాగంలో గాని, వికలాంగుల సేవలో గాని నిర్ణీత కాలం పని చేయించడం మంచిది. న్యాయ సంహిత సమాజసేవను శిక్షగా గుర్తించినా, దానిని కొద్దిపాటి చిన్న నేరాలకే పరిమితం చేసింది. ఈ నేరానికి కూడా, జైలుకు బదులుగా కాకుండా జైలుకు తోడుగా, దానిని విస్తరింపజేయాలి. పరిహారం విషయంలో గిరిజన కుటుంబాలకు తెలియజెప్పవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నది. ఢీకొట్టిన బండి ఏదో తెలియనప్పుడు సైతం మరణానికి రెండు లక్షల రూపాయల పరిహారం 2022 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. ఈ సంగతులు సంతలో, ఆశ్రమ పాఠశాలలో వారి భాషలలో చెప్పేవారు కావాలి. మన జాతీయ సేవా పథకం విద్యార్థులు ఈ పనికి పూనుకొంటే అరకు యాత్ర సార్థకమవుతుంది.

కళాశాల కమిటీ వారికి మా విన్నపాలు మూడు. లైసెన్సు, భీమా పత్రం చూపని విద్యార్థి వాహనాన్ని ఆవరణలోనికి రానీయకండి. విహారయాత్రలకు మోటారు సైకిళ్ళపై వెళ్ళడాన్ని నిషేధించి, ఘాటీ దారి తెలిసిన డ్రైవరు ఉన్న బస్సునే ఏర్పాటు చేయండి. ప్రతి సంవత్సరం ఒక న్యాయమూర్తినో, ఒక అత్యవసర వైద్యునో పిలిపించి ఈ విషయంపై ఉర్దూలోను, తెలుగులోను ఉపన్యాసం ఇప్పించండి.

తోటి విద్యార్థులకు ఒక్క మాట. మాజీ క్రికెట్ కెప్టెన్ మహమ్మద్ అజహరుద్దీన్ పంతొమ్మిదేళ్ళ కుమారుడు 2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై జరిగిన మోటారు సైకిలు ప్రమాదంలో గాయపడి మరణించాడు. వెనుక కూర్చున్న బంధువైన బాలుడు కూడా దక్కలేదు. దేశమంతా ఎరిగిన తండ్రికి సైతం బిడ్డను తెచ్చి ఇవ్వగలవారు లేకపోయారు. మనలో ఎవరైనా పందెానికి సిద్ధపడినప్పుడు పక్కనున్న స్నేహితుడు తాళపుచెవి లాగుకొంటే, దానిని పిరికితనమని ఎగతాళి చేయకండి. చట్టం ఎంత చక్కగా సవరించినా అది మరణం తరువాతనే పని మొదలుపెడుతుంది. ఆ స్నేహితుడు మాత్రం ముందుగానే పని చేయగలడు.